‘హెల్త్ ఎడ్యుకేషన్ గివెన్’: ఇచ్చారు సరే, అందిందా?

నర్సింగ్ విద్యార్థులు వార్డులో ‘హెల్త్ టాక్’ ఇచ్చే ముందు లెసన్ ప్లాన్ రాస్తారు. మొదటి పేజీలో అంశం, స్థలం, సమయం, ఎంతమంది, ఏ భాష, ఏ పద్ధతి అని వరుసగా గడులు ఉంటాయి. వాటి మధ్య ‘పూర్వ జ్ఞానం’ అని ఒక గడి. అందులో చాలామంది రాసే వాక్యం ఒక్కటే: ‘ఈ అంశం గురించి గ్రూపుకు కొంత తెలిసి ఉండవచ్చు.’ సీనియర్ రికార్డు నుంచి జూనియర్ రికార్డులోకి ఆ వాక్యం అలా దిగుతూనే ఉంటుంది. అంశం షుగర్ అయినా, బాలింత జాగ్రత్తలైనా, ఓఆర్ఎస్ కలపడమైనా ఆ గడి మారదు. చార్టుకు రంగులు వేయడానికి రెండు రాత్రులు పోతాయి, ఈ గడికి రెండు సెకన్లు కూడా పట్టవు.

రోగి ఇంటికి వెళ్లే రోజు నర్సెస్ నోట్స్‌లో ఇంకో వాక్యం కనిపిస్తుంది: ‘హెల్త్ ఎడ్యుకేషన్ గివెన్.’ ఇచ్చిన మాట నిజమే. ఏం చెప్పారు, ఎవరికి చెప్పారు, చెబుతున్నప్పుడు ఆ మనిషి నొప్పితో ఉన్నాడా, ఇంట్లో సూది వేసేది ఆయనేనా లేక కోడలా అన్నది మాత్రం ఆ మూడు మాటల్లో దొరకదు. ఆ వాక్యం ఇచ్చినవాళ్ల గురించి చెబుతుంది, పుచ్చుకున్నవాళ్ల గురించి ఏమీ చెప్పదు.

ఈ రెండు వాక్యాల మధ్య జరగాల్సిన పనినే నర్సింగ్ పాఠాల్లో అభ్యసన అవసరాల అంచనా, సంసిద్ధత అంచనా అంటారు. ఒకే అధ్యాయంలో పక్కపక్కన ఉంటాయి కాబట్టి పరీక్షలో రెండూ ఒకే ప్రశ్నగా వస్తాయి. వార్డులో అవి వేరు. రోగి ఏం నేర్చుకోవాలి అన్నది ఒకటి, ఇప్పుడు నేర్చుకునే స్థితిలో ఉన్నాడా అన్నది ఇంకొకటి. ఈ రెండూ ఒకే గంటకు కలిసిరావడం అరుదు. అయినా దవాఖానల్లో చెప్పాల్సిందంతా డిశ్చార్జ్ గంటకే కుప్పపడుతుంది. ఆ రోజంతా వెతికినా అంతకంటే చెడ్డ గంట దొరకదు.

ఒక గాజు సీసా, ఎర్ర మూత

నల్లగొండ జిల్లా పల్లెల్లో పత్తి ఏరే ఒక పెద్దమ్మను ఊహించుకోవచ్చు. కాలి పుండు మానక దవాఖానలో చేరింది, షుగర్ ఎక్కువగా ఉందని తేలింది, ఇన్సులిన్ మొదలుపెట్టారు. ఆమెకు ఏం నేర్పాలి? పుస్తకం ప్రకారమైతే క్లోమం ఎక్కడుంటుంది, ఇన్సులిన్ ఏం చేస్తుంది, షుగర్‌లో రకాలు ఎన్ని, దీర్ఘకాలంలో కళ్లకూ కిడ్నీలకూ ఏమవుతుంది, ఆహారం, వ్యాయామం, పాదాల సంరక్షణ. ఇరవై నిమిషాల హెల్త్ టాక్‌కు ఇవన్నీ సరిపోతాయి. ఆమె ప్రాణం మాత్రం ఇంకో చోట ఉంది: సీసాకూ సిరంజికీ ఉన్న లెక్కలో.

మన దగ్గర సీసాల్లో ఎక్కువగా దొరికే ఇన్సులిన్ ఒక మిల్లీలీటరుకు 40 యూనిట్లది. దానికి వాడేది ఎర్ర మూత సిరంజి. 100 యూనిట్లది వేరే ఉంది, దాని సిరంజికి నారింజ రంగు మూత. 40 యూనిట్ల మందును పొరపాటున నారింజ మూత సిరంజితో 20 గీత దాకా తీస్తే ఒంట్లోకి పోయేది 8 యూనిట్లే. తిరగబడితే ఇంకా ప్రమాదం: 100 యూనిట్ల మందును ఎర్ర మూత సిరంజితో 20 గీత దాకా తీస్తే 50 యూనిట్లు పోతాయి. చదువుకున్నవాళ్లే తికమకపడే లెక్క ఇది. మెడికల్ షాపులో ‘ఎర్ర మూత లేదమ్మా, ఇది తీసుకో’ అంటే ‘వద్దు’ అనగలగడం ఆమె నేర్చుకోవాల్సిన మొదటి సంగతి. క్లోమం ఎక్కడుందో తెలియకపోయినా బతకవచ్చు.

నేర్చుకోవాల్సినవాటిని మూడు కుప్పలు చేయమని నర్సింగ్ బోధన పుస్తకాలు చెబుతాయి. తెలియకపోతే ప్రమాదం వచ్చేవి మొదటి కుప్ప. తెలిస్తే మంచివి రెండోది. ఆసక్తి ఉంటే తర్వాత చూసుకోదగ్గవి మూడోది. మాట తేలికే, వేరు చేయడమే కష్టం. ఎందుకంటే ఒకరికి మూడో కుప్పలో ఉన్నది ఇంకొకరికి మొదటి కుప్పలో ఉంటుంది. ఇన్సులిన్ ఎక్కడ పెట్టాలి అన్నది ఫ్రిజ్ ఉన్న ఇంట్లో ఒక్క వాక్యంతో తేలిపోతుంది. మే నెలలో ఎండ 44 డిగ్రీలు దాటే నల్లగొండలో, రేకుల ఇంట్లో, ఫ్రిజ్ లేని మనిషికి అదే మొదటి పాఠం. వాడకం మొదలుపెట్టిన సీసా సాధారణంగా 25, 30 డిగ్రీల లోపు చల్లదనంలో దాదాపు నాలుగు వారాలు నిలుస్తుంది. తడి ఇసుక పోసిన కుండలో చిన్న మట్టి ముంత పెట్టి, నీళ్లు తగలకుండా అందులో సీసా దాచుకోవచ్చు. పెరుగు, మజ్జిగ చెడకుండా కుండ వాడిన చేతులకు ఈ ఉపాయం ఎక్కించడానికి చార్టు అక్కర్లేదు. కానీ ఇంట్లో ఫ్రిజ్ ఉందా అని ముందు ఎవరైనా అడగాలి.

షుగర్ పడిపోయినప్పటి గుర్తులూ అంతే. చెమటలు, వణుకు, ఆకలి, కండ్లు తిరగడం అని చెబుతారు. ఎండాకాలం ఉపాధి పనికి పోయే మనిషికి ఇవన్నీ రోజూ ఉండేవే. ఎండ దెబ్బ అనుకుని చెట్టు కింద పడుకుంటే అక్కడే స్పృహ తప్పవచ్చు. కాబట్టి ఆమెకు కావాల్సింది లక్షణాల పట్టిక కంటే ఒక అలవాటు: కొంగున మూడు చెంచాల చక్కెర పొట్లం, అనుమానం వస్తే ముందు అది నోట్లో వేసుకోవడం, పక్క కూలికి ముందే చెప్పి ఉంచడం. సూది వేసుకున్నాక ఎంతసేపటికి తింటుంది, సద్ది మూట విప్పేది ఎన్నింటికి అన్నది తెలియకుండా ‘భోజనానికి అరగంట ముందు’ అని చెప్పడం గాలిలో చెప్పడమే.

అవసరం ఎవరి లెక్కలో అన్నది ఇక్కడే తేలుతుంది. నర్సు లెక్కలో సూది ముఖ్యం. పెద్దమ్మ లెక్కలో ‘మళ్లీ పత్తికి ఎప్పుడు పోవచ్చు’ అన్నది ముఖ్యం. కోడలి లెక్కలో రోజూ పొద్దున ఎవరు ఇంట్లో ఉంటారన్నది ముఖ్యం. పెద్దలు ఇవాళ్టి తమ సమస్యకు పనికొచ్చేదే నేర్చుకుంటారని వయోజన విద్యలో మాల్కమ్ నోల్స్ ప్రచారంలోకి తెచ్చిన ఆలోచన. పత్తికి పోవడం గురించిన ప్రశ్నతో మొదలుపెడితే సూది దానంతట అదే మాటల్లోకి వస్తుంది. సూదితో మొదలుపెడితే పత్తి గురించి ఆమె ఎప్పటికీ అడగదు.

తెలిసినవాళ్లకు మళ్లీ చెప్పడం

‘కొంత తెలిసి ఉండవచ్చు’ అన్న గడి ఎంత తప్పుదారి పట్టిస్తుందో చూడాలంటే అదే జిల్లాలోని మర్రిగూడ, మునుగోడు వైపు వెళ్లాలి. అక్కడ నీళ్లలోని ఫ్లోరైడ్ గురించి పెద్దవాళ్లకు కొంత కాదు, చాలా తెలుసు. వంగిన కాళ్లు, గార పట్టిన పండ్లు, తిరగని మెడలు వాళ్ల ఇళ్లలోనే చూశారు. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదని, వేరే దిక్కు లేనప్పుడు 1.5 వరకు అనుమతించవచ్చని భారతీయ ప్రమాణాలు చెబుతాయి. ఆ అంకె కొత్తగా వచ్చిన విద్యార్థినికి పరీక్ష కోసం తెలిస్తే, అక్కడి ముసలాయనకు మోకాలి నొప్పిగా తెలుసు. అలాంటి ఊరిలో ‘ఫ్లోరోసిస్ అంటే ఏమిటి’ అని చార్టు విప్పితే జనం మర్యాదకు కూర్చుంటారు, అంతే.

అక్కడ నిజంగా కనుక్కోవాల్సింది వేరే. తాగడానికి నల్లా నీళ్లు పడుతున్న ఇంట్లో పప్పు ఏ నీళ్లతో ఉడుకుతోంది? అన్నం ఏ నీళ్లతో వండుతున్నారు? పొలం కాడ దాహమైతే ఏ బోరు దగ్గర దోసిలి పడుతున్నారు? పిల్లలకు పాలు, ఆకుకూరలు, ఉసిరి, నిమ్మ లాంటివి అందుతున్నాయా? తాగే నీరు మారినా వంట నీరు మారకపోతే ఫ్లోరైడ్ కుండ గుండా లోపలికి పోతూనే ఉంటుంది. ఈ ఖాళీ ఒక్కో ఇంట్లో ఒక్కోలా ఉంటుంది, ఊరంతటికీ కలిపి చెప్పే ఉపన్యాసంలో పట్టుబడదు. పైగా తప్పు జ్ఞానం కూడా జ్ఞానం వేషంలోనే ఉంటుంది. ఒళ్లు నొప్పులన్నీ ఫ్లోరైడ్ వల్లేనని నమ్మిన మనిషి కీళ్లవాతానికి మందు వాడడు. దాన్ని కదపాలంటే ముందు బయటికి రానివ్వాలి, వినాలి.

ఈ జిల్లా పేరుతోనే ఉన్న ‘నల్లగొండ టెక్నిక్’ కథ కూడా ఇదే చెబుతుంది. నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) 1970లలో రూపొందించిన పద్ధతి అది. నీళ్లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి, గిలకొట్టి, మడ్డి అడుగుకు చేరాక పై నీటిని వాడుకోవాలి. రసాయన శాస్త్రంగా చక్కని పని. ఇంటి పనిగా మాత్రం పటిక ఎంత వేయాలన్నది ఆ నీటిలోని ఫ్లోరైడ్‌ను బట్టి, క్షారగుణాన్ని బట్టి మారుతుంది. కొలత తప్పితే ఫ్లోరైడ్ సరిగా పోదు, లేదా నీళ్ల రుచి పాడవుతుంది. రోజూ పొద్దున పొయ్యి వెలిగించాల్సిన మనిషి నుంచి ఆ పద్ధతి ఎంత నేర్పును, ఎంత ఓపికను అడిగిందో చూస్తే, సాంకేతికత దగ్గర కూడా అభ్యసన అవసరం అనే ప్రశ్న ఉంటుందని అర్థమవుతుంది.

వినే గంట

సంసిద్ధతను నాలుగు వైపుల నుంచి చూడమంటారు: శరీరం, మనసు, గత అనుభవం, ఉన్న జ్ఞానం. ఇంగ్లిషు మొదటి అక్షరాలు కలిపి ‘పీక్’ అని గుర్తుపెట్టుకుంటారు. నాలుగింటికీ సమానంగా మార్కులు వేస్తారు గానీ వార్డులో వాటి బరువు సమానంగా ఉండదు. శరీరం మొరాయిస్తే మిగతా మూడింటి దాకా పోనే లేము.

నొప్పి, జ్వరం, మత్తు, ఆకలి, నిద్రలేమి గురించి అందరికీ తెలుసు. కంటి శుక్లం గురించి అడిగేవాళ్లు తక్కువ. సిరంజి మీద గీతలు కనిపించని మనిషి ‘ఆ, కనిపిస్తున్నయి బిడ్డా’ అంటుంది, కనిపించడం లేదని చెబితే ఎక్కడ తిడతారోనని. పాలమూరు (మహబూబ్‌నగర్) వైపు ఇంకొకటి ఉంది. మత్తుమందు కలిపిన కల్లుకు అలవాటు పడినవాళ్లు దవాఖానలో చేరిన రెండు మూడు రోజులకు వణుకుతారు, నిద్రపోరు, పొంతన లేకుండా మాట్లాడతారు, కొందరికి ఫిట్స్ వస్తాయి. డయాజెపామ్, అల్ప్రజోలం, క్లోరల్ హైడ్రేట్ లాంటివి కల్తీ చేసిన కల్లు ఈ ప్రాంతానికి కొత్త సంగతేమీ కాదు. కాలు విరిగి చేరిన కూలీ మూడో రోజున ‘సహకరించడం లేదు’ అని నోట్స్‌లో రాస్తే, అది మొండితనమా, కల్లు ఆగిన బాధా అన్నది తేల్చాల్సింది అంతకుముందు అడిగిన ఒక్క ప్రశ్న: రోజూ తాగే అలవాటు ఉందా, ఎన్ని సీసాలు, ఆఖరిసారి ఎప్పుడు? అది కూడా పదిమంది ముందు అడిగితే ‘లేదు’ అనే వస్తుంది. కల్లు ఆగిన బాధే అని తేలితే ముందు డాక్టర్‌కు చెప్పాలి. కట్టు గురించి, నడక గురించి పాఠాలు ఆ రోజుకు ఆపాలి.

మనసు సంగతి కొంచెం వంకరగా ఉంటుంది. టెన్షన్ అసలు లేని మనిషి వినడు, ఎందుకంటే తనకేమీ కాలేదనుకుంటాడు. టెన్షన్ మరీ ఎక్కువైనవాడూ వినలేడు. మధ్యలో, కొంచెం భయం ఉన్నప్పుడే బుర్ర బాగా పనిచేస్తుందని మనస్తత్వ శాస్త్రవేత్తలు యెర్క్స్, డాడ్సన్ 1908లో ఎలుకల మీద చేసిన ప్రయోగాల నుంచి వచ్చిన ఆలోచన. వార్డులో ఈ మధ్య గీత ఎక్కడుందో కనిపెట్టడం నర్సు పని. కాలి వేలు తీసేయాలని డాక్టర్ చెప్పిన పది నిమిషాలకు పాదాల సంరక్షణ గురించి మాట్లాడటం వృథా. ఆపరేషన్ అయ్యాక మూడో రోజు, డ్రెస్సింగ్ మారుస్తుండగా ఆ మనిషే కిందికి తొంగి చూసి ‘ఇంకో కాలికి రాదు కదా సిస్టర్?’ అని అడిగితే, తలుపు తెరుచుకున్నట్టు. ఆ ప్రశ్న ఎప్పుడు వస్తుందో టైమ్ టేబుల్‌లో ఉండదు. మంచం మీద ఉన్న మనిషి మనసులో రోగమే ఉంటుందని కూడా అనుకోకూడదు. ఇంటి దగ్గర బర్రెకు గడ్డి ఎవరు వేస్తున్నారన్న దిగులు తీరేదాకా కొందరికి ఏ మాటా చెవికెక్కదు.

గత అనుభవం ఇంకా లోతైనది. ‘సూది మొదలుపెడితే ఇక అంతే’ అన్న మాట పల్లెల్లో చాలాచోట్ల వినిపిస్తుంది. దీన్ని మూఢనమ్మకం అని కొట్టిపారేస్తారు. నిజానికి ఆ మాట వెనుక ఒక చూపు ఉంది: చుట్టుపక్కల ఇన్సులిన్ దాకా వచ్చినవాళ్లు చాలామంది రోగం ముదిరాకే వచ్చారు, కొందరు కొన్నాళ్లకే పోయారు. చూసినదాన్ని బట్టి ఎవరైనా అలాగే లెక్క వేస్తారు. ఆ లెక్కను తప్పుపట్టకుండా, ‘ఎవరికి అట్లయింది పెద్దమ్మా? అప్పటికి ఆయనకు షుగర్ ఎన్నేండ్ల నుంచి ఉండె?’ అని అడిగితే, సూది ముందొచ్చిందా రోగం ముందు ముదిరిందా అన్నది ఆమె నోటి నుంచే బయటికొస్తుంది. బీడీ మానడం లాంటి అలవాట్ల దగ్గర మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రోచాస్కా, డిక్లెమెంటే చెప్పిన మార్పు దశలు పనికొస్తాయి. మానాలన్న ఆలోచనే లేనివాడికి మానే పద్ధతులు చెప్పడం, పెళ్లి చూపులే కాని ఇంటికి పందిరి గుంజలు పంపడం లాంటిది.

అక్షరం రానివాళ్లకు అంకె రాదా?

నాలుగో వైపు జ్ఞానం. ఇక్కడ దక్షిణ తెలంగాణకు ఒక పాత ముద్ర ఉంది. 2011 జనగణనలో ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత సుమారు 55 శాతం, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జిల్లాల్లో అట్టడుగు. నల్లగొండది 64 శాతం పైచిలుకు. ఆడవాళ్లలో ఇంకా తక్కువ. అప్పటి యువతరం ఇప్పుడు నడివయసులో ఉంది, అప్పటి నడివయసువాళ్లే ఇవాళ షుగర్, బీపీ వార్డుల్లో ఉన్నారు. కాబట్టి కరపత్రం ఇచ్చి పంపడం చాలామంది విషయంలో కాగితం ఇచ్చి పంపడమే.

అయితే ‘చదువు రాదు’ అన్న మాట దగ్గరే అంచనా ఆగిపోవడం ఇంకో తప్పు. చదవడం రానివాళ్లు ఫోనులో నంబర్లు గుర్తుపట్టి నొక్కుతారు. నోటు చూసి విలువ చెబుతారు. పొదుపు సంఘంలో అప్పు, వడ్డీ, మిగిలిన వాయిదాలు నోటి లెక్కతో చెప్పే ఆడవాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు. మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సులో ఎన్ని రోజుల పని తెగిందో వేలి కణుపుల మీద లెక్క కట్టే కూలీకి ‘20 గీత’ అర్థం కాదని ఎలా అనగలం? ఫారంలో ‘నిరక్షరాస్యురాలు’ అని టిక్ పెట్టేకన్నా, ఖాళీ సిరంజి చేతికిచ్చి ‘ఇరవై కాడికి గుంజి చూపియ్యి అవ్వా’ అంటే అర నిమిషంలో కన్ను, చెయ్యి, అంకె మూడూ తేలిపోతాయి. మందు పొట్లం మీద ‘1-0-1’ అని రాయడం కన్నా సూర్యుణ్ణీ చంద్రుణ్ణీ గీయడం చాలామందికి నయం. అది కూడా అడిగి చేయాలి, కొందరికి 1-0-1 బాగానే అలవాటైంది.

భాష ఇంకో మలుపు. దేవరకొండ వైపు తండాల్లో ముసలివాళ్లకు లంబాడీల భాష గోర్‌బోలిలోనే మాట నిండుగా వస్తుంది. నారాయణపేట, మక్తల్ వైపు కన్నడం, మహబూబ్‌నగర్ పట్టణంలో ఉర్దూ వినిపిస్తాయి. తెలుగు తెలిసినా దవాఖాన తెలుగు తెలియాలని లేదు. ‘పరగడుపున’ అంటే కొందరికి అర్థం కాదు, ‘పొద్దుగాల ఏం తినకముందు’ అంటే అవుతుంది. మనవడిని మధ్యవర్తిగా పెట్టుకోవడం మామూలే గానీ, గర్భసంచి సమస్యను పన్నెండేళ్ల పిల్లవాడి నోటితో అడిగించడం అంచనా అనిపించుకోదు.

వెళ్లిపోయే ఊరు

దవాఖాన చెప్పే పాఠాలన్నీ రోగి ఇంటికి వెళ్తాడనుకునే తయారవుతాయి. పాలమూరులో ఆ ఇల్లే కదులుతుంది. పంట పనులు తగ్గాక ముంబై, పుణె, హైదరాబాద్‌కు వెళ్లే కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. టీబీ మందు మొదలైన మనిషికి ‘ప్రతి నెలా వచ్చి గోలీలు తీసుకోండి’ అని చెబుతారు. ఆయన వచ్చే వారం మేస్త్రీతో బండి ఎక్కుతున్నాడన్నది ఎవరూ అడగలేదు. మామూలు టీబీ చికిత్స ఆరు నెలలు. మధ్యలో ఆపితే మందులకు లొంగని టీబీ వచ్చే ప్రమాదం ఉంది. ఆయన నేర్చుకోవాల్సినది టీబీ సూక్ష్మజీవి ఆకారం గురించి కాదు. వేరే రాష్ట్రంలోని సర్కారు దవాఖానలో కూడా చికిత్స కొనసాగించవచ్చని, ఏ కాగితం వెంట ఉంచుకోవాలో, వెళ్లే ముందు ఎవరికి చెప్పి వెళ్లాలో తెలియాలి. ‘ఈ ఏడు ఎటైనా పోతున్నరా? ఎప్పుడు?’ అన్న ప్రశ్న అంచనా ఫారంలో అచ్చు కాలేదు గానీ ఈ జిల్లాల్లో అది మొదటి అయిదింటిలో ఉండాల్సిన ప్రశ్న.

అమ్రాబాద్, మన్ననూరు చుట్టూ నల్లమలలో ఉండే చెంచు పెంటల (చిన్న ఆవాసాల) సంగతి కూడా ఇలాంటిదే, కాకపోతే అక్కడ దూరం వేరే రకం. రోడ్డు దాకా నడిచి రావడమే పూట పని అయినప్పుడు ‘వెంటనే దవాఖానకు రండి’ అన్న మాటలో ‘వెంటనే’కి అర్థం మారిపోతుంది. ఏ గుర్తు కనిపిస్తే బయలుదేరాలి అన్నది అక్కడ ఇంకా ముందుగా, ఇంకా స్పష్టంగా చెప్పాలి.

డిశ్చార్జ్ గంటలో ఏముంటుంది

ఇప్పుడు ఆ గంటను దగ్గరగా చూడాలి. ఆరోగ్యశ్రీ కాగితాల మీద సంతకాలు, మందుల కౌంటర్ దగ్గర లైను, ఆటోతో బేరం, దేవరకొండ బస్సు పోతుందన్న తొందర. రోగి చీర మార్చుకుని మంచం అంచున కూర్చుంది. కొడుకు మూట కడుతున్నాడు. నర్సు చేతిలో అయిదు రకాల గోలీలు. ‘ఇది పొద్దుగాల, ఇది రాత్రి, ఇది తిన్నంక, ఇది తినకముందు, నెలకు మళ్లా రావాలె. అర్థమైందా అవ్వా?’ ‘అయింది బిడ్డా.’ ఆ సమాధానానికి అర్థం ‘నన్ను పోనియ్యి’ అని. రోగులకు చెప్పిన వైద్య సమాచారంలో 40 నుంచి 80 శాతం అక్కడికక్కడే మరిచిపోతారని, గుర్తున్నదానిలో దాదాపు సగం తప్పుగా గుర్తుంటుందని రాయ్ కెసెల్స్ 2003లో ప్రచురించిన సమీక్షలో ఉంది. అది డచ్చి పరిశోధకుడు రాసిన మాట. ఈ బస్సు తొందరను ఆయన చూడలేదు.

‘అర్థమైందా?’కు బదులు తిరిగి చెప్పించడం మంచి పద్ధతి. పరీక్ష పెట్టినట్టు ‘చెప్పండి చూద్దాం’ అంటే పెద్దవాళ్లు ముడుచుకుంటారు. తప్పు తన మీద వేసుకోవడం మేలు: ‘నేను జల్ది జల్ది చెప్పిన అవ్వా. ఇంటికి పోయినంక మీ కోడలికి ఏమని చెప్తవ్?’ అప్పుడు ఆమె ‘పొద్దుగాల రెండు, రాత్రి ఒక్కటి’ అంటే, అది తప్పయితే, ఎక్కడ తప్పిందో తెలుస్తుంది. సరిదిద్దే చోటు దొరుకుతుంది.

దీనికి వచ్చే అభ్యంతరం న్యాయమైనదే: టైమ్ ఎక్కడిది? బోధనాసుపత్రి జనరల్ వార్డులో ముగ్గురు రోగులకు ఒక నర్సు ఉండాలన్నది ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ కొలత. రాత్రి డ్యూటీలో ముప్పై మందిని ఒంటరిగా చూసే నర్సుకు ఆ అంకె చెబితే నవ్వుతుంది. ఆ నవ్వుకు వ్యాసాల్లో జవాబు లేదు, నియామకాల్లోనే ఉంది. అయినా అంచనాకు విడిగా టైమ్ కావాలనుకోవడం కూడా లెసన్ ప్లాన్ పెట్టిన అలవాటే. రోజూ రెండు పూటలా సూది వేస్తూనే ఉన్నారు. మొదటి రోజు నర్సు వేసి, రెండో రోజు ‘సీసా నువ్వు పట్టుకో’ అని, మూడో రోజు ‘నువ్వు గుంజు, నేను చూస్త’ అని, నాలుగో రోజు కోడలు వచ్చిన వేళ ఆమెతో వేయిస్తే, డిశ్చార్జ్ నాటికి చెప్పాల్సింది పెద్దగా మిగలదు. అదనంగా పట్టింది రోజుకు రెండు నిమిషాలు. నాలుగు రోజులు ఒకే నర్సు ఉండదు కాబట్టి, ఎక్కడి దాకా వచ్చిందో తర్వాతి షిఫ్టుకు తెలియాలి. అక్కడే నోట్స్ పనికిరావాలి.

కాలేజీలు కూడా ఈ చివరను పట్టుకోవచ్చు. హెల్త్ టాక్‌కు మార్కులు వేసేటప్పుడు చార్టు రంగులకు, గొంతుకు, కళ్లలోకి చూసి మాట్లాడటానికి ఇచ్చే మార్కుల్లో సగం ‘పూర్వ జ్ఞానం’ గడికి మార్చాలి. ఆ గడిలో రోగి నోటి నుంచి వచ్చిన ఒక్క వాక్యమైనా ఉండాలని, లేకపోతే టాక్ మొదలు పెట్టకూడదని ట్యూటర్ పట్టుబడితే, విద్యార్థిని ముందు రోజు సాయంత్రం మంచం పక్కన పది నిమిషాలు కూర్చోక తప్పదు. రెండు రాత్రుల చార్టు ఒక రాత్రికి తగ్గినా నష్టం లేదు.

ఇక నోట్స్. ‘హెల్త్ ఎడ్యుకేషన్ గివెన్’ అన్న చోట ఇలా రాస్తే ఎంత సిరా అదనంగా పడుతుంది? ‘ఎర్ర మూత సిరంజి గుర్తుపట్టింది. కుడి కంట్లో శుక్లం, గీతలు కనిపించలేదు. సూది కోడలు వేస్తుంది, ఇవాళ ఒకసారి వేసి చూపింది, చెయ్యి వణికింది. ఫ్రిజ్ లేదు, కుండ గురించి చెప్పాలి. కొడుకు రేపు సాయంత్రం వస్తాడు.’ రాత్రి డ్యూటీకి వచ్చిన నర్సు దీన్ని చదివి, తొమ్మిది గంటల సూది వేళకు కోడలిని లేపుతుంది.